హోస్టింగ్ సపోర్ట్‌కి వేరే డబ్బులు కట్టాలా, ఫ్రీగా వచ్చేది సరిపోద్దా? వైజాగ్‌లో సైట్ ఉన్నవాళ్ళ కోసం

వెబ్‌సైట్ పెట్టుకునేటప్పుడు మనోళ్ళు జీబీలు చూస్తారు, రేటు చూస్తారు, డొమైన్ ఫ్రీగా ఇస్తున్నాడా లేదా చూస్తారు, కింద సపోర్ట్ అని ఉండే లైను మాత్రం చదవరు. అది గుర్తొచ్చేది సైట్ పడిపోయిన రోజే, ఆ రోజు చదివి చేసేదేం లేదు. నేను ఇక్కడ చిన్న షాపులకి, ట్రావెల్స్ వాళ్ళకి, కోచింగ్ సెంటర్లకి సైట్లు చూసిపెడుతుంటాను, అందరూ అడిగేది ఒకటే, "నెలకి ఇంత కట్టి ప్రీమియం సపోర్ట్ తీసుకోమంటున్నాడండీ, తీసుకోమంటారా వద్దంటారా" అని. ఒక్క ముక్కలో చెప్పే జవాబు కాదిది, మీ సైట్‌ని బట్టి, మీ వ్యాపారాన్ని బట్టి మారిపోద్ది, కానీ ఎలా తేల్చుకోవాలో చెప్తాను, కాగితం పెన్ను పట్టుకుని అరగంట కూర్చోండి చాలు.

ముందు ఇది చూడండి. సైట్ ఆగిందంటే తేడా సర్వర్‌లో ఉండొచ్చు, లేదా అకౌంట్‌లో ఉండొచ్చు, అంటే డొమైన్ గడువు అయిపోవడం, బిల్లు కట్టకపోవడం లాంటివి, లేదా మీ సైట్ లోపలే ఉండొచ్చు, అంటే ప్లగిన్ (సైట్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్), థీమ్ (పైకి కనిపించే డిజైన్), కోడ్. ఫ్రీ సపోర్ట్ సర్వర్‌నీ అకౌంట్‌నీ చూస్తుంది. సైట్ లోపలి గొడవ చూడదు. నేను చూసిన చిన్న సైట్లలో ఎక్కువ తేడాలు ఆ లోపలివే, అందుకే ఫ్రీ సపోర్ట్ మీద అందరికీ అంత కోపం.

ఫ్రీ అంటే ఎంతవరకు

షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునేది) తీసుకుంటే చాట్, టికెట్ (రాసి పంపే కంప్లయింట్) ఆ ప్లాన్‌తోనే వచ్చేస్తాయి. సర్వర్ డౌన్ అయితే చూస్తారు, ఎస్ఎస్ఎల్, అంటే సైట్‌కి https తెచ్చే సర్టిఫికెట్, ఎక్కకపోతే ఎక్కిస్తారు (లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళ ఫ్రీ సర్టిఫికెట్ గడువు 90 రోజులే, అది దానంతటదే రెన్యూ అవ్వాలి, అవ్వకపోతే అది హోస్టింగ్ వాళ్ళే చూడాల్సిన పని), నేమ్‌సర్వర్లు (డొమైన్‌ని సర్వర్‌కి కలిపే సెట్టింగ్) ఎక్కడ మార్చాలో చెప్తారు, పీహెచ్‌పీ (సైట్ నడిచే ప్రోగ్రామింగ్ భాష) వెర్షన్ మార్చడానికి దారి చూపిస్తారు, డబ్బులు రెండుసార్లు కట్ అయితే వెనక్కి వేస్తారు. వీటికి కూడా ఎక్స్‌ట్రా అడుగుతున్నారంటే ఆ కంపెనీ జోలికే వెళ్ళకండి.

ప్లగిన్ అప్‌డేట్ కొట్టాక తెల్ల స్క్రీన్ వచ్చింది, పేమెంట్ పేజీలో ఓటీపీ తర్వాత ఆగిపోతోంది, కాంటాక్ట్ ఫారం మెయిల్స్ రావట్లేదు, ఇలాంటివి అడిగితే మాత్రం "ఇది మా పరిధిలోకి రాదు, మీ డెవలపర్‌ని సంప్రదించండి" అని వస్తుంది. ఇల్లు అద్దెకిచ్చినాయన పైకప్పు కారితే చూస్తాడు గానీ మన వంటింట్లో కుక్కర్ పేలితే చూడడు కదా, ఇదీ అంతే. హ్యాక్ అయితే ఇంకా కష్టం, పక్క సైట్లకి అంటుకోకూడదని ముందు అకౌంట్ సస్పెండ్ చేసేస్తారు, క్లీన్ చేసుకుని చెప్పండి అంటారు, వాళ్ళనే క్లీన్ చేయమంటే దానికి వేరే రేటు.

బ్యాకప్ సంగతి కూడా కొనకముందే అడగండి. బ్యాకప్ తీస్తాం అని పెద్దక్షరాలతో రాస్తారు, ఎన్ని రోజులవి ఉంచుతారు, తిరిగి ఎక్కించడానికి డబ్బులు తీసుకుంటారా అన్నది నిబంధనల్లో ఎక్కడో ఉంటుంది. కొందరు ఫైళ్ళ సంఖ్య ఒక పరిమితి దాటితే బ్యాకప్ తీయడం ఆపేస్తారు, ఆ సంగతి మనకి విడిగా చెప్పరు. ఏ సపోర్ట్ ఉన్నా సరే వారానికోసారి మీ కాపీ మీరు దించుకుని గూగుల్ డ్రైవ్‌లోనో హార్డ్ డిస్క్‌లోనో పెట్టుకోండి.

వీపీఎస్, అంటే మనకంటూ విడిగా ఇచ్చే సర్వర్ ముక్క, తీసుకున్నవాళ్ళు ఎక్కువ దెబ్బతింటారు. తక్కువ రేటుకి వస్తోందని అన్‌మేనేజ్డ్ (కంపెనీ నిర్వహణ లేని) వీపీఎస్ కొనేస్తారు, సర్వర్ మొత్తం మీద అధికారం ఇచ్చే రూట్ పాస్‌వర్డ్ మన చేతికొస్తుంది, అక్కడితో అంతా మన నెత్తినే. మెషిన్ ఆన్‌లో ఉందా, నెట్‌వర్క్ వస్తోందా, ఈ రెండే వాళ్ళు చూస్తారు. రాత్రి డిస్క్ నిండిపోయి మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఆగిపోయిందంటే లేచి చూడాల్సింది మనమే. మేనేజ్డ్‌కి, అన్‌మేనేజ్డ్‌కి మధ్య రేటులో ఉండే తేడా ఉంది చూశారూ, అందులో చాలావరకు సపోర్ట్ ఫీజే, పేరు మార్చి తీసుకుంటున్నారు అంతే. లైనక్స్ కమాండ్లు తెలిసిన మనిషి మీ దగ్గర లేకపోతే అన్‌మేనేజ్డ్ వద్దు, ఇది గట్టిగా చెప్తున్నాను.

పెద్ద క్లౌడ్ కంపెనీల్లో కూడా ఫ్రీ అంటే ఇంతే. అమెజాన్ ఏడబ్ల్యూఎస్‌లో బేసిక్ సపోర్ట్ అందరికీ ఫ్రీ, కానీ అందులో అకౌంట్, బిల్లింగ్ గురించి అడగొచ్చు, లిమిట్లు పెంచమనొచ్చు, టెక్నికల్ కేసు వేయాలంటే డబ్బులు కట్టే ప్లాన్ ఉండాల్సిందే. ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్ (వాళ్ళ డేటా సెంటర్ల కేంద్రం) 2022లోనే వచ్చేసింది, మన వైజాగ్‌లో గూగుల్ డేటా సెంటర్ పెడతామని 2025 అక్టోబర్‌లో ప్రకటించారు, దాంతో "సర్వర్ మన ఊళ్ళోనే ఉంటే ఏదైనా అయితే వెళ్ళి అడగొచ్చు కదా" అని మధురవాడ కుర్రాడొకడు అడిగాడు. సర్వర్ దగ్గరుంటే పేజీ బేగి తెరుచుకోవచ్చు, అది మంచిదే, సపోర్ట్‌కి మాత్రం దాంతో సంబంధం లేదు, మీ టికెట్ ఏ దేశంలో ఎవరి స్క్రీన్ మీద పడుతుందో మీ ప్లానే చెప్తుంది.

రిప్లై వేరు, రిపేరు వేరు

పెయిడ్ ప్లాన్ పేజీలో "గంటలో రెస్పాన్స్" అని ఉంటుంది. అది మొదటి రిప్లై వచ్చే టైమే, సమస్య తీరే టైమ్ కాదు. "మీ టికెట్ అందింది, పరిశీలిస్తున్నాం" అన్నా రెస్పాన్స్ కిందకే వస్తుంది. సమస్య ఎంతలో తీరుస్తారో రాసిచ్చేవాళ్ళు చాలా తక్కువ, రాసిచ్చినా సర్వర్ పూర్తిగా పడిపోయిన కేసులకే ఇస్తారు. కాబట్టి చాట్‌లో ఇలా అడగండి: మొదటి రిప్లై మనిషి ఇస్తాడా, బాట్ ఇస్తుందా, నా టికెట్ చూసేవాడికి సర్వర్‌లో మార్పులు చేసే అధికారం ఉంటుందా లేక పైవాళ్ళకి పంపి కూర్చుంటాడా.

99.9 శాతం అప్‌టైమ్ (సైట్ ఆగకుండా నడిచే సమయం) అని వేస్తారు కదా, దాని లెక్క కూడా చూసుకోండి, 30 రోజుల నెలలో దాదాపు 43 నిమిషాలు, ఏడాదిలో ఎనిమిది గంటల నలభై ఐదు నిమిషాలు సైట్ ఆగినా వాళ్ళు మాట తప్పినట్టు కాదు. ముందే చెప్పి చేసే మెయింటెనెన్స్ సాధారణంగా ఈ లెక్కలోకి రాదు. మాట తప్పితే మనకి వచ్చేది హోస్టింగ్ బిల్లులో కొంత తగ్గింపు, ఆ రోజు పోయిన ఆర్డర్లకి ఎవరూ డబ్బులివ్వరు.

ఇంకోటి టైమ్. అమెరికా కంపెనీ "ఆఫీస్ టైమ్‌లో ఫోన్ సపోర్ట్" అంటే వాళ్ళ ఆఫీస్ టైమ్ అని అర్థం. న్యూయార్క్‌లో పొద్దున్న 9 అయితే మనకి చలికాలంలో రాత్రి ఏడున్నర, ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర. మన షాపు తెరిచిన దగ్గర్నుంచి దీపాలు పెట్టేదాకా అక్కడ ఫోన్ ఎత్తేవాడే ఉండడు. దీనికి డబ్బులు కట్టడం దండగ.

డబ్బుల లెక్క

ఉదాహరణకి మాడుగుల హల్వా ఆన్‌లైన్‌లో అమ్మే షాపు ఒకటి అనుకుందాం. సైట్ నుంచి రోజుకి ఆరు వేల రూపాయల ఆర్డర్లు, అందులో మిగిలేది పదిహేను వందలు. ప్రీమియం సపోర్ట్ నెలకి వెయ్యి అంటే ఏడాదికి పన్నెండు వేలు, పైన 18 శాతం జీఎస్టీ కలిపితే 14,160. ఇది గిట్టుబాటు అవ్వాలంటే ఆ సపోర్ట్ వల్ల ఏడాదిలో తొమ్మిదిన్నర రోజుల డౌన్‌టైమ్ తప్పాలి. మామూలు షాపు సైట్ అన్ని రోజులు ఆగదు, పైగా సైట్ ఆగినా తెలిసినవాళ్ళు వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టేస్తారు. ఇక్కడ ఫ్రీ సపోర్ట్ చాలు.

అదే అరకు, లంబసింగి ప్యాకేజీలు అమ్మే ట్రావెల్స్ అయితే లెక్క తిరగబడుద్ది. కార్తీక మాసం పిక్నిక్‌లు మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా వాళ్ళ ఏడాది సంపాదన అందులోనే ఉంటుంది, డిసెంబర్ ఆఖరి వారంలో శనివారం సాయంత్రం సైట్ ఆగితే ఆ కస్టమర్ మన కోసం ఆగడు, పక్క సైట్‌లో బుక్ చేసేసుకుంటాడు. వీళ్ళకి నేను చెప్పేది ఏడాది పొడుగునా వద్దు, ఆ మూడు నెలలకే పెయిడ్ తీసుకోండి అని. నెలవారీగా పెట్టుకుని తీసేసే వీలుందా, తీసుకున్న రోజు నుంచే పని చేస్తుందా అని సెప్టెంబర్‌లోనే అడిగి పెట్టుకోండి. కోచింగ్ సెంటర్లకి అడ్మిషన్ల సీజన్ కూడా ఇంతే. ఏటికొప్పాక బొమ్మలు విదేశాలకి పంపేవాళ్ళకి మాత్రం సీజన్ అంటూ ఒకటి ఉండదు, మనం నిద్రపోయే టైమ్‌లో అక్కడ కొంటారు, అందుకని 24 గంటలూ మనిషి ఉండే సపోర్ట్ వాళ్ళకి అక్కరకొస్తుంది. పరవాడ వైపు కంపెనీలకి సైట్ కంటే మెయిల్ ముఖ్యం, మెయిల్ ఒక్క పూట ఆగినా కొటేషన్లు ఆగిపోతాయి, వాళ్ళు హోస్టింగ్‌తో వచ్చే మెయిల్ వదిలేసి మెయిల్‌ని విడిగా డబ్బులు కట్టి తీసుకోవడమే మంచిది.

పెయిడ్ ఉన్నా లేకపోయినా చూడటం రావాలి

నాకు తెలిసిన ట్రావెల్స్ సైట్ ఒకటి సీజన్‌లో పొద్దున్నుంచీ 508 ఎర్రర్ చూపిస్తోంది. 508 అంటే షేర్డ్ ప్లాన్‌లో మనకిచ్చిన సర్వర్ వాటా అయిపోయిందని. చాట్‌లో అడిగితే రద్దీ పెరిగింది, పై ప్లాన్‌కి మారండి అన్నారు, మూడు రెట్ల రేటు అది. ఓనర్ కట్టేద్దామనే అనుకున్నాడు. హోస్టింగ్ కంట్రోల్ పేజీ సీప్యానెల్‌లో రా యాక్సెస్ లాగ్, అంటే సైట్‌కి ఎవరెవరు వచ్చారో రాసుకునే ఫైల్, దించి చూస్తే ఒకే ఐపీ (ఇంటర్నెట్ అడ్రస్) నుంచి ఎక్స్ఎంఎల్ఆర్‌పీసీ అనే ఫైల్ మీద సెకనుకి పదుల కొద్దీ రిక్వెస్టులు, కస్టమర్లు కాదు, పాస్‌వర్డ్ ఊహించడానికి ఏదో బాట్ కొడుతోంది. ఐపీ బ్లాక్ చేసి ఆ ఫైల్‌కి దారి మూసేస్తే కాసేపట్లో సైట్ మామూలైంది. చాట్‌లో అమ్మాయి అబద్ధం చెప్పలేదు, ఆమె ముందు ఉన్నది వాడకం గ్రాఫ్ ఒక్కటే, లాగ్ తెరవడం ఆమె పని కాదు. మంచి పెయిడ్ సపోర్ట్‌లో ఆ లాగ్ తెరిచే మనిషి ఉంటాడు. కొనేముందు సూటిగా ఇదే అడగండి, 508 వస్తే మీరు లాగ్ చూసి కారణం చెప్తారా అని. చూస్తాం అని రాతపూర్వకంగా అంటే ఆ డబ్బుకి అర్థం ఉంది. క్యూలో ముందు నిలబెడతాం, ఫోన్ నంబర్ ఇస్తాం అంటే మాత్రం అదే ఫ్రీ సపోర్ట్ త్వరగా వస్తుంది, అంతకుమించి ఏం లేదు.

టికెట్ రాసే పద్ధతి మార్చుకుంటే ఫ్రీ సపోర్ట్ కూడా చాలా బాగా పనిచేస్తుంది. "సార్ సైట్ రావట్లేదు అర్జెంట్ ప్లీజ్" అని రాస్తే వాడు ఏ డొమైన్ అంటాడు, మనం చెప్పాక ఎప్పట్నుంచి అంటాడు, తర్వాత స్క్రీన్‌షాట్ అంటాడు, ఒక్కో ప్రశ్నకి కొన్ని గంటలు పోతాయి. ఇలా రాయండి, ఇంగ్లీష్‌లో రాసినా వరస ఇదే ఉంచండి:

"డొమైన్ పేరు ఇది. ఈరోజు ఇండియా టైమ్ ఉదయం 10:40 నుంచి 503 ఎర్రర్ వస్తోంది. జియో డేటాలో, ఇంట్లో వైఫైలో, ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో అదే వస్తోంది. నిన్న రాత్రి 9కి పేమెంట్ ప్లగిన్ అప్‌డేట్ చేశాం, దాన్ని ఆపి చూసినా మార్పు లేదు. ఎర్రర్ లాగ్‌లో చివరి లైన్లు కింద ఉన్నాయి, స్క్రీన్‌షాట్ జత చేశాను. సర్వర్ వైపు ఏమైనా ఉందేమో చూసి చెప్పగలరు."

ఇలా రాస్తే మొదటి రిప్లైలోనే పని జరిగే అవకాశం ఉంటుంది, ఎందుకంటే చదివేవాడికి అడగడానికి ఏమీ మిగల్లేదు. రెండు నెట్‌వర్క్‌లలో చూడటం మర్చిపోవద్దు, చాలాసార్లు మన ఇంటి నెట్‌లోనే తేడా ఉంటుంది, మొబైల్ డేటాలో సైట్ దివ్యంగా తెరుచుకుంటుంది.

కొనేముందు ఒక పరీక్ష పెట్టండి. సేల్స్ చాట్ ఎప్పుడూ చురుగ్గానే ఉంటుంది, దాన్ని నమ్మకండి. డబ్బులు వాపసిచ్చే గడువు ఉన్న కంపెనీలో చిన్న ప్లాన్ తీసుకుని, ఆ గడువులోనే శనివారం రాత్రి పదకొండుకి ఒకటి, ఆదివారం మధ్యాహ్నం ఒకటి నిజమైన టెక్నికల్ ప్రశ్నలు టికెట్ వేయండి, అంటే నా మెయిల్స్ స్పామ్‌లోకి వెళ్తున్నాయి, ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు (మెయిల్ నిజంగా మన డొమైన్ నుంచే వచ్చిందని చూపే సెట్టింగులు) సరిగ్గా ఉన్నాయా చూడండి లాంటివి. వచ్చిన జవాబులో మీ డొమైన్ చూసి రాసిన మాట ఒక్కటైనా ఉందా, లేక హెల్ప్ పేజీ లింక్ అతికించి పంపేశారా, అందులోనే తెలిసిపోద్ది.

ఊళ్ళో మనిషి

మన దగ్గర చాలామంది హోస్టింగ్ కంపెనీకి కట్టే బదులు సైట్ చేసిన కుర్రాడికే ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్ట్) కింద ఏడాదికి ఇంత అని ఇస్తారు. చిన్న వ్యాపారానికి నిజానికి ఇదే అన్నిటికంటే మంచి దారి అని నా అభిప్రాయం. సైట్ లోపలి గొడవలు చూసేది అతనే, తెలుగులో మాట్లాడతాడు, ద్వారకా నగర్‌లో ఆఫీస్ ఉంటే వెళ్ళి కూర్చుని చేయించుకోవచ్చు. ఫ్రీ సపోర్ట్ ఉన్న మంచి హోస్టింగ్, దాని పైన ఇలాంటి మనిషి, ఈ రెండూ ఉంటే ప్రీమియం అవసరం చాలామందికి రాదు. ఏఎంసీలో ఏముందో మాత్రం కాగితం మీద రాయించుకోండి, అప్‌డేట్లు నెలకి ఎన్నిసార్లు చేస్తాడు, బ్యాకప్ ఎక్కడ పెడతాడు, ఆదివారం ఫోన్ ఎత్తుతాడా, హ్యాక్ అయితే క్లీనింగ్ అందులోనే ఉందా.

ఒక్క విషయంలో అస్సలు రాజీ పడొద్దు. డొమైన్, హోస్టింగ్ రెండూ మీ మెయిల్ ఐడీతో, మీ ఫోన్ నంబర్‌తో, మీ కార్డుతో ఉండాలి, ఆ కుర్రాడికి విడిగా యాక్సెస్ ఇవ్వండి. అతని అకౌంట్‌లోనే అన్నీ ఉంచేస్తే అతనికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాక హోస్టింగ్ కంపెనీ మీతో మాట్లాడను కూడా మాట్లాడదు, ఎందుకంటే రికార్డుల్లో ఓనర్ మీరు కాదు. ఎంత ఖరీదైన సపోర్ట్ కొన్నా ఓనర్ కాని మనిషికి ఎవరూ పాస్‌వర్డ్ ఇవ్వరు.

బిల్లు కట్టే పేజీలో

కార్ట్‌లో ముందే టిక్ పెట్టేసి ఉంటాయి, ప్రీమియం సపోర్ట్, సైట్ సెక్యూరిటీ, రోజువారీ బ్యాకప్ అని, ఒక్కోటీ చూసి అక్కర్లేనివి తీసేయండి. మనం అడగకుండా బుట్టలో సరుకు వేయడాన్ని బాస్కెట్ స్నీకింగ్ అంటారు, 2023 నవంబర్‌లో కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్ళని మాయ చేసే పద్ధతులు) మార్గదర్శకాల్లో ఇది కూడా ఉంది, డబ్బులు పోయి కంపెనీ వాపసివ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టొచ్చు. మొదటి ఏడాది రేటు చూసి సంబరపడకండి, రెన్యూవల్ రేటు ఎంతో, సపోర్ట్ యాడాన్ కూడా దాంతోపాటే రెన్యూ అవుతుందో లేదో చూడండి. జీఎస్టీ నంబర్ ఉన్నవాళ్ళు బిల్లు మీద దాన్ని వేయించుకోండి, ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది.

ఆటో రెన్యూవల్ ఆన్‌లో ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం కార్డు మీద ఆటో డెబిట్ 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి, అంతకు తక్కువైనా కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలి. మూడేళ్ళ ప్లాన్‌కి ఒకేసారి కట్టేవాళ్ళకి ఈ లిమిట్ సులువుగా దాటిపోద్ది, రాత్రి ఆటో డెబిట్ ఫెయిల్ అయిపోతుంది, పొద్దున్నకి సైట్ సస్పెండ్. గడువుకి నెల ముందు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని చేత్తో కట్టేయండి.

చివరిగా మన ఊరికి సంబంధించింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు. అలాంటప్పుడు సర్వర్ ఎక్కడో ముంబైలోనో సింగపూర్‌లోనో క్షేమంగానే ఉంటుంది, టికెట్ వేయడానికి మన చేతిలోనే ఏమీ ఉండదు, లాగిన్ అవుదామన్నా ఓటీపీ వచ్చే ఫోన్ చచ్చిపోయి ఉంటుంది. అందుకని పెయిడ్ అయినా ఫ్రీ అయినా మీ అకౌంట్‌లో రెండో కాంటాక్ట్‌గా ఊరి బయట ఉండే మనిషిని పెట్టండి, హైదరాబాద్‌లో అన్నయ్యో బెంగళూరులో మేనల్లుడో ఎవరో ఒకరు. టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ అడిగే లాగిన్) బ్యాకప్ కోడ్లు ప్రింట్ తీసి ఒక కాపీ వాళ్ళకి పంపండి, సపోర్ట్ పిన్ (మనల్ని గుర్తుపట్టడానికి సపోర్ట్ వాళ్ళు అడిగే నంబర్) ఉంటే అది కూడా చెప్పండి, టికెట్ ఎలా వేయాలో ఫోన్లో ఒకసారి చేయించి చూడండి. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే హోమ్ పేజీ మీద "డెలివరీలు ఆలస్యం అవుతాయి" అని ఒక లైను ముందే వేసేయమనండి, బ్యాకప్ దించుకోమనండి, డొమైన్ గడువు ఆ నెలలోనే ఉంటే ఆ రోజే కట్టించేయండి.